బీడీ దారంతో కొలిచిన కాళ్లు

కొత్తగా ఆయా పనిలో చేరిన అమ్మాయిలు ముందు పేషెంటు ముఖం చూస్తారు. నవ్వుతున్నాడా, మూలుగుతున్నాడా, తిట్టడానికి నోరు తెరుస్తున్నాడా అని. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. ఈ పనిలో ముప్పై ఏళ్లు దాటాక చెబుతున్నాను, దుప్పటి రెండో కొస కూడా ఎత్తి చూడండి. గుండె బలం తగ్గిన ముసలివాళ్ల సంగతి సగం కాళ్ల దగ్గరే తెలుస్తుంది. ముఖం అబద్ధమాడుతుంది, కాళ్లు ఆడవు అని చాలా ఏళ్లు అనుకున్నాను. కాళ్లు కూడా ఆడతాయి. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

నా పేరు రాజమణి. మాది మాచారెడ్డి దగ్గర పల్లె. అయిదో తరగతి దాకా చదివాను. అంకెలు వస్తాయి, అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. మందు చీటీ మీద డాక్టరు రాత రాదు, అది సిస్టర్లకే సరిగ్గా రాదు. కామారెడ్డిలో ఒక దవాఖానలో ఆయాగా చేరాను. చివరి ఏడేళ్లు ఆ దవాఖాన డాక్టరు గారే ఎల్లారెడ్డిలో తెరిచిన చిన్న దవాఖానలో చేశాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు పెంచారు అనేవి ఇక్కడ రాయను. నా మనవరాలు ఈ ఏడే నర్సింగులో చేరింది. "నోటితోటి చెప్తే మర్చిపోత అమ్మమ్మా, రాసియ్యి" అంది. కాబట్టి రాస్తున్నాను.

సుశీల సిస్టర్ అడిగిన రెండు ప్రశ్నలు

నేను చేరినప్పుడు మా వార్డు సుశీల సిస్టర్ చేతిలో ఉండేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె పైన అరిస్తే కింద గేటు దగ్గర చాయ్ తాగేవాళ్లు గ్లాసు పక్కన పెట్టేవాళ్లు. నాకు పని నేర్పింది ఆమే. ఒకరోజు కాళ్లు ఉబ్బిన ఒక పెద్దమనిషి మంచం దగ్గర నన్ను నిలబెట్టింది.

"రాజమణీ, ఈయన కాళ్లు ఎందుకు ఉబ్బినయో చెప్పు."

"బాగ నడిచిండేమో సిస్టర్."

"మంచం దిగనోడు ఏడ నడిచిండే? మీ ఇంటి కాడ బోరు ఉన్నదా?"

"ఉన్నది."

"మోటరు బలం తగ్గితే ఏమైతది?"

"చివరి మడికి నీళ్లు అందయి."

"గుండె గూడ మోటరే. బలం తగ్గితే కాలి వేళ్ల దాకా రక్తం సక్కగ అందది. గందుకే పాదాలు సల్లగుంటయి. కిందికి పోయింది మళ్ల పైకి గుంజుకునే సత్తువ గూడ ఉండది. నీరు పల్లంల నిలుస్తది. కూసున్నోనికి పల్లం ఏది?"

"పాదాలు."

"మరి పండుకున్నోనికి?"

నేను నోరు తెరిచేలోపు పక్క వార్డులో ఎవరో పిలిచారు, ఆమె వెళ్లిపోయింది. ఆ రెండో ప్రశ్నకు జవాబు నేను మళ్లీ అడగలేదు. అడిగితే తెలివితక్కువదాన్ని అనుకుంటుందేమోనని సిగ్గు. ఆ సిగ్గు ఎంత పని చేసిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

బొటనవేలితో నొక్కి చూడడం కూడా ఆమే నేర్పింది. ఎముక మీద, చీలమండకు కొంచెం పైన బొటనవేలు ఆనించి నొక్కి, నెమ్మదిగా అయిదు లెక్కపెట్టి తీయాలి. చర్మం వెంటనే లేస్తే మంచిది. గుంట పడి అట్లాగే ఉండిపోతే సిస్టర్‌ను పిలవాలి. దీనికి చదువు అక్కర్లేదు, గోరు కత్తిరించుకుంటే చాలు.

ఇబ్రహీం సాబు మడమ

నా మొదటి పెద్ద తప్పు ఇబ్రహీం సాబు కాలి మీద ఉంది. ఆయన లారీ నడిపి మానేసిన పెద్దాయన. గుండె బలం తగ్గింది, దానికి తోడు షుగరు. చలికాలం. "ఆయమ్మా, పాదాలు బరఫ్ లెక్క సల్లగయినయి. జెర ఏమన్న చెయ్" అన్నాడు.

మా పల్లెలో చలికి ఏం చేస్తామో అదే చేశాను. క్యాంటీను పొయ్యి మీద ఇటుక వేడి చేసి, తువ్వాలలో చుట్టి, పాదాల కింద పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని, "ఆరామ్ ఉన్నది బేటీ" అని దీవించాడు. నేను సంతోషంగా వెళ్లి వేరే పని చూసుకున్నాను. తువ్వాల తీసేసరికి మడమ మీద రూపాయంత బొబ్బ. ఆయనకు తెలియనే లేదు. రక్తం సరిగ్గా అందని కాలు, షుగరుతో మొద్దుబారిన కాలు. వేడి తగిలినా చెప్పదు, పుండు పడితే తొందరగా మానదు. ఆ బొబ్బ మానడానికి మూడు నెలలు పట్టింది.

సుశీల సిస్టర్ ఆ రోజు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "సల్లటి కాలికి మేజోళ్లు తొడుగు, దుప్పటి కప్పు. నిప్పు మాత్రం దగ్గరికి తేకు" అంది, అంతే. నేను మూలకు నిలబడి ఏడుస్తుంటే ఇబ్రహీం సాబే పిలిచాడు.

"ఛోడో ఆయమ్మా. నా కాలు నాకే చెప్పలే, నీకేం చెప్తది?"

ఆ మూడు నెలలూ ఆయన కట్టు మార్చేటప్పుడు నేనే కాలు పట్టుకున్నాను. అప్పటి నుంచి ఏ ముసలివాళ్లు చేరినా వేళ్ల సందులు కూడా విప్పి చూసేదాన్ని. తడి ఉంటే తుడవాలి, పగులు ఉంటే చెప్పాలి. ఉబ్బిన చర్మం పండిన టమాట తోలు లాంటిది, గోరు గీసుకున్నా చీలుతుంది. నూనె పోసి గట్టిగా పిసకమని ఇంటివాళ్లు అడుగుతారు. పిసకకండి. నీరు దిగడానికి నీళ్ల మాత్ర వేసుకున్నవాళ్లను మంచం మీది నుంచి ఒక్కసారిగా లేపకండి, కళ్లు తిరిగి పడతారు. కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడనిచ్చి, ఊరి ముచ్చట ఒకటి చెప్పి అప్పుడు లేపండి. వీళ్లకు ఉప్పు పడదు, మంచం కింద దాచిన మామిడి తొక్కు పచ్చడి డబ్బా ఉందేమో చూడండి. ఉంటుంది. నేను నా కాలంలో పట్టుకున్న తొక్కు డబ్బాలతో ఒక పెండ్లి చేయొచ్చు.

సత్తవ్వ

ఎల్లారెడ్డికి వచ్చాక రెండో ఏడాది సత్తవ్వ మా దవాఖానకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి బీడీలు చేసింది. వచ్చిననాడు కాళ్లు మోకాళ్ల దాకా ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, కోడలు సుజాత భుజం మీద తల ఆనించి కూర్చుంది. పది రోజులు ఉంది. నీరు దిగింది, ఊపిరి కుదురుకుంది, నోరు కూడా లేచింది.

"గీ మంచం మీద నన్ను పీనుగ లెక్క పండవెట్టిండ్రు. పక్క మంచపామె పోయింది, ఆ పక్కామె పోయింది. నా వంతు ఎప్పుడని సూస్తున్నరా ఏంది?"

"అవ్వా, ఎల్లుండి ఇంటికి పంపుతరు."

"పంపితే మళ్ల రాను. సచ్చినా ఇంటికాడనే, నా అరుగు మీదనే. యాది వెట్టుకో."

ఆమెకు కావలసింది అదొక్కటే. వాళ్ల వాడలో పొద్దున పది మంది ఆడవాళ్లు అరుగు మీద వరసగా కూర్చుని ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. సత్తవ్వకు ఆ వరసలో తన చోటు ఉండాలి. తంబాకు ముట్టొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు కాబట్టి, పక్కవాళ్లు చుట్టినవి లెక్కపెట్టి కట్టలు కట్టే పని తీసుకుంటానంది. కట్టకు ఇరవై అయిదు.

ఇంటికి పంపేరోజు డాక్టరు గారు సుజాతను పిలిచి చెప్పారు. పొద్దున నీళ్ల మాత్ర, ఉప్పు తక్కువ, నీళ్లు కొలతగా, రోజూ లేవగానే బరువు చూడాలి, బరువు మిషన్ ఒకటి కొనుక్కోవాలి. నేను మధ్యలో దూరాను.

"మిషన్ ఎందుకు సార్, నేను పొయ్యే తొవ్వలనే వాళ్ల ఇల్లు. కాళ్లు నేను సూస్త."

ఇరవై ఏళ్లకు పైగా కాళ్లు చూసినదాన్నని గర్వం. ఆయన ఏదో అనబోయి, ఇంకో పేషెంటు రావడంతో ఊరుకున్నారు.

కొత్త కడియం

ఉపాయం నాదే. బీడీ కట్టే దారం కొంచెం తీసుకుని, సత్తవ్వ చీలమండకు నాలుగు వేళ్ల పైన చుట్టి, కొస కలిసిన చోట గుర్తుగా దారం మీదే ముడి వేశాను. రోజూ పొద్దున లేవగానే అదే చోట సుజాత చుట్టాలి. కొస ముడిని అందుకుంటే నీరు లేనట్టు. కొసకూ ముడికీ మధ్య రెండు వేళ్ల సందు పడితే నీరు చేరినట్టు, ఆ పూటే దవాఖానకు రావాలి.

"సందు పడకుంటే?" అంది సత్తవ్వ.

"ముడి కలిసినన్ని రోజులు నిన్ను ఆ మంచం ఎక్కనియ్య. మాట."

"ఒట్టు?"

"ఒట్టు."

అరుగు మీది ఆడవాళ్లకు ఇది పెద్ద తమాషా అయింది. "సత్తవ్వకు ముసలితనంల కొత్త కడియం చేయించిండ్రు" అని ఒకరు, "వెండి గాదు, నూలు కడియం" అని ఇంకొకరు. సత్తవ్వ కాలు ముందుకు చాపి చూపించేది. "ఉన్నోళ్లకే ఉంటయి, మీకేడియి?"

వారానికి రెండుసార్లు డ్యూటీకి వెళ్తూ ఆగి నేను చూసేదాన్ని. రెండు నెలలు ముడి కలుస్తూనే ఉంది. ఆ తర్వాత ఆమెకు దగ్గు మొదలైంది.

"తంబాకు దగ్గు చిన్నమ్మా" అంది సుజాత. "మా వాడల ఎవరికి లేదు చెప్పు. నాకు గూడ ఉన్నది."

నిజమే, ఆ అరుగు మీద నలుగురు దగ్గుతుంటే అయిదో మనిషి దగ్గు ఎవరు పట్టించుకుంటారు? నేనూ తంబాకు దగ్గే అనుకున్నాను. నీరు చేరి ఉంటే దారం చెప్పేది కదా అనుకున్నాను.

పదకొండు

ఒక సోమవారం పొద్దున వెళ్లాను. సత్తవ్వ అరుగు మీద లేదు, లోపల మంచం మీద కూర్చుని ఉంది. "ఇయ్యాల ఎండ ఎక్కువున్నది" అంది. బయట మబ్బు పట్టి ఉంది. నేను దారం చుట్టాను. కొస ముడిని దాటి ఇంకా ఒక వేలు మిగిలింది.

"సూసినవా! కాళ్లు ఎంత సన్నబడ్డయో. పో, పో, నీ డ్యూటీకి టైమైతది."

నన్ను చాయ్ తాగకుండా పంపాలని సత్తవ్వ చూడడం అదే మొదటిసారి. నాకు వింతగా అనిపించి గడప మీద కూర్చున్నాను. ఆమె చాటలో బీడీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సత్తవ్వ లెక్క వినడం నాకిష్టం. ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా ఒకే ఊపిరిలో, దండకంలా చదివేది. ఆ రోజు పదకొండు దగ్గర ఆగింది. గుమ్మం దగ్గరికి వచ్చిన కోడిని "ఇష్, పో" అని అదిలించి పన్నెండు నుంచి మళ్లీ ఎత్తుకుంది. రెండో కట్ట. మళ్లీ పదకొండు దగ్గర ఆగింది. ఈసారి కోడి లేదు.

"అవ్వా, ఇరవై అయిదు దాకా ఒక్కసారి చెప్పు."

"నాకు లెక్క రాదనుకుంటున్నవా? నువ్వు పుట్టకముందుకెళ్లి కడుతున్న."

"గందుకే చెప్పు."

"ఒకటి, రెండు, మూడు..." పదకొండు అంది. నోరు మూసుకుంది. మెడ దగ్గర నరం ఎగిరి పడుతోంది. దొరికిపోయినట్టు నా వైపు చూసింది.

అప్పుడు మంచం చూశాను. కాళ్లు పెట్టే వైపు మూడు బొంతలు మడిచి ఎత్తుగా పెట్టి ఉన్నాయి.

"సుజాతా, ఈ బొంతలు కాళ్ల దిక్కు ఎందుకున్నయే?"

"కాళ్లు గుంజుతున్నయట చిన్నమ్మా. పదిహేను రోజుల సంది గట్లనే ఎత్తు మీద వెట్టుకుంటది. మొన్నటి సంది మంచం దిగుతనే లేదు."

నేను సత్తవ్వను ముందుకు వంచి, చీర పక్కకు జరిపి, నడుము కింద, కూర్చునే ఎముక పైన బొటనవేలితో నొక్కాను. వేలు పిండిలో దిగినట్టు దిగింది. తీశాక గుంట అట్లాగే ఉంది.

సుశీల సిస్టర్ అడిగిన రెండో ప్రశ్నకు జవాబు అది. పడుకున్నవాళ్లకు పల్లం నడుము. కాళ్లు ఎత్తితే నీరు ఎక్కడికీ పోలేదు, చోటు మార్చుకుంది అంతే. కొంత నడుముకు, కొంత ఊపిరితిత్తులకు. మేము తంబాకు దగ్గు అనుకున్నది ఆ నీరు.

బొంతలు తీసేసి, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, సుజాతను ఆటోకు పంపాను. సత్తవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ముడి... కలిసింది గదా."

"కలిసింది అవ్వా."

"మాటిచ్చినవ్."

"ఇచ్చిన. తప్పుతున్న. లే."

ఆటోలో కూడా నిటారుగానే కూర్చోబెట్టాం. వెనక సుజాత, ముందు నేను, మధ్యలో ఊపిరి వెతుక్కుంటూ ఆమె. నాకు ఇబ్రహీం సాబు మడమ గుర్తుకొచ్చింది. ఆ బొబ్బ మూడు నెలల్లో మానింది. ఇది మానుతుందో లేదో తెలియదు.

ఎవరిని మోసం చేసినట్టు

డాక్టరు గారు ఆక్సిజన్ పెట్టించి, నీరు దిగే సూది వేయించారు. మధ్యాహ్నానికి మూత్రం సంచి నిండింది. సాయంత్రానికి "గిదేం చాయ్, గిన్నె కడిగిన నీళ్లా?" అని వినబడింది. నేను కారిడార్‌లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అంత మంచి తిట్టు నా జీవితంలో వినలేదు.

మరునాడు అడిగాను. "ఎందుకు చేసినవ్ అవ్వా?"

"ఒకనాడు దారం కొంచెం తక్కువ వడ్డది. సుజాత సూడకముందే నేనే సూసుకున్న. కాళ్లు ఎత్తి పండుకుంటె తెల్లారి కలిసింది. ఇగ గదే చేసిన."

"ఊపిరాడకుంటె చెప్పొద్దా?"

"చెప్తె తెస్తవ్ గదా ఈడికి. ముడి కలిస్తె తీస్కపోనని నువ్వే అన్నవ్. కలిపిన." దుప్పటి కాళ్ల మీదికి లాక్కుని, "దారాన్ని మోసం చేసిన గని నిన్ను గాదు బిడ్డా" అంది.

ఆమెను ఏమనను? భయపెట్టింది నేను. దవాఖానను శిక్షలా చూపించి, దారాన్ని కాపలా పెట్టి, దాన్ని దాటకపోతే వదిలేస్తానన్నాను. అట్లా అంటే ఏ మనిషైనా దారాన్ని దాటకుండా చూసుకుంటాడు గానీ రోగం సంగతి చెప్పడు. పైగా నేనిచ్చిన మాట నాది కాదు. ఎవరు చేరాలో, ఎవరు ఇంట్లో ఉండొచ్చో ఆయా చెప్పే మాట కాదు. ప్రేమ కొద్దీ చెప్పినా తప్పే. ఇటుక పెట్టింది కూడా ప్రేమ కొద్దే.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. పనిలోంచి తీసేస్తారేమో అనుకున్నాను. ఆయన దారం అడిగి తీసుకుని, వేలికి చుట్టుకుని చూశారు.

"మంచి ఉపాయమే రాజమణీ. దీన్నొక్కదాన్నే నమ్ముకున్నవ్, అది తప్పు. బరువు మిషన్ ఎందుకు కొనమన్న? నీరు కాళ్లల్ల ఉన్నా నడుముల ఉన్నా బరువు బరువే. దాన్ని బొంతల మీద పండవెట్టి మోసం చేయలేం."

"కాళ్లు ఎత్తి వెట్టుడు తప్పా సార్?"

"కొందరికి మంచిది, కొందరికి కాదు. ఎవరికి ఏదో మేము చెప్తం. చెప్పకుంటె మీరు అడగాలె."

అడగాలె. ఈ ఒక్క మాట కోసమే మీకు ఇదంతా రాశాను. సుశీల సిస్టర్‌ను ఆ రోజు అడిగి ఉంటే సత్తవ్వ నడుము పదిహేను రోజుల ముందే నొక్కేదాన్ని.

ఆమెను ఇంటికి పంపేటప్పుడు పాత ఒట్టు తీసేసి, డాక్టరు గారిని అడిగి కొత్తగా చెప్పాను. "అవ్వా, ఊపిరి తగ్గిన పూటనే వస్తె కుర్చీల కూసోవెట్టి సూది ఏసి పంపుతరు. దాచి దాచి వస్తె మంచం. ఏది కావాలె?"

"కుర్చీ" అంది, మొహం పక్కకు తిప్పి.

బరువు మిషన్ వచ్చింది. పొద్దున సుజాత అంకె చూస్తుంది, నడుము నొక్కుతుంది, దారం కూడా చుడుతుంది, ఎందుకంటే సత్తవ్వ కడియం లేకుండా అరుగు మీదికి రానంది. సత్తవ్వ చోటును తంబాకు చాటలకు దూరంగా, గాలి వచ్చే కొసకు మార్చాం. మొదటి కట్ట లెక్క అందరికీ వినబడేలా పైకి చదవాలని పెట్టాం. ఎక్కడ ఆగిందో అరుగంతా వింటుంది. కొత్త పద్ధతులు ఏవి వచ్చినా రానీయండి, ఊపిరిని ఒకసారి చెవితో వినండి. మనిషి మాట మధ్యలో ఎక్కడ ఆగుతున్నాడో గమనించండి.

ఏడు మిగిలినయి

నేను పని మానేసి ఏడాది దాటింది. పొద్దున లేవగానే ఎవరి కాళ్లు చూడాలో తెలియక మొదట్లో మా ఇంటాయన కాళ్లు చూసేదాన్ని. ఆయన విసుక్కుని చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. ఇప్పుడు తీరిక బాగానే అలవాటైంది. నెలకోసారి ఎల్లారెడ్డి వెళ్లి సత్తవ్వ అరుగు మీద కూర్చుంటాను.

పోయిన నెల వెళ్లినప్పుడు అరుగు నిండుగా ఉంది. నన్ను చూసి సత్తవ్వ, "పింఛను లేని పెద్దమ్మ వచ్చింది, జరుగుండ్రి" అని చోటిచ్చింది. సుజాత చాయ్ తెచ్చింది. సత్తవ్వ చాటలోంచి బీడీలు తీసి మొదటి కట్ట లెక్క ఎత్తుకుంది. వరసలో చేతులు ఆడుతూనే ఉన్నాయి గానీ అందరి చెవులూ ఆమె మీదే. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది. ఆగింది.

గుమ్మం దగ్గర కోడి ఉంది. ఆమె దాని వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఇయ్యాల పద్దెనిమిదికే ఆగింది రాజమణీ. మిషన్ గూడ మొన్నటి మీద రెండు కిలోలు ఎక్కువ చూపెట్టింది. సుజాతా, ఆటో పిలువు."

సత్తవ్వ లేచి, గోడ పట్టుకుని, కళ్లు తిరగకుండా కాసేపు నిలబడి చెప్పులేసుకుంది. పక్కామె చాట సర్దబోతే ఆపింది.

"ముట్టకు. గట్లనే ఉంచు. ఇంక ఏడు మిగిలినయి, పొద్దుమీకి ఒచ్చి కడత."

నేను అరుగు మీదే కూర్చున్నాను. పొద్దు వాలుతుంటే ఆటో వచ్చి ఆగింది, కుర్చీలోనే సూది వేసి పంపారట. ఆమె దిగి, తన చోట కూర్చుని, చాట ఒళ్లోకి లాక్కుంది. పంతొమ్మిది నుంచి మొదలుపెడుతుందనుకున్నాను. లేదు, లెక్కపెట్టినవి కూడా చాటలో కలిపేసి ఒకటి నుంచి చదివింది. ఎక్కడా ఆగకుండా ఇరవై అయిదు దాకా వచ్చాక దారం బిగించి, నా ఒళ్లోకి విసిరింది.

"సరిగ్గున్నదా లేదా, లెక్కపెట్టుకో."